కింది ఇంటి రివాల్వర్‌కి మెరుగు

ఇనుమును భూమి కడుపులో దాచిపెట్టి, దాన్ని తవ్వి తీసి సాగగొట్టే తెలివిని మనిషి చేతికిచ్చిన దేవునికి స్తోత్రం. ఆ ఇనుము మీదికి తుప్పును రానిచ్చి, తుప్పును ఆపే ఉద్యోగం నాకిచ్చి, పరాయి దేశంలో నా పళ్లెంలో అన్నం పెడుతున్నందుకు మరొక స్తోత్రం. విమానాలు ఆగిపోవడానికి కొద్ది ముందు మా అత్తయ్యగారిని మా ఇంటికి చేర్చి, అవి మళ్లీ ఎగిరేదాకా మాతోనే ఉంచినందుకు మూడో స్తోత్రం. ఈ మూడోది అప్పట్లో కాస్త మెల్లగా చెప్పేదాన్ని.

నేను పుట్టింది సంఘకాపరి ఇంట్లో, మెట్టింది ప్రార్థనాపరుల ఇంట్లో. మాటలు సరిగ్గా రాకముందే సండేస్కూల్లో వచనాలు అప్పజెప్పినదాన్ని. పెద్దయ్యాక లోహాల చదువు చదివి, బ్రెమెన్‌లో విమానాల విడిభాగాలకు తుప్పు పట్టకుండా పూతలు వేసే కర్మాగారంలో చేరాను. ఊరి శివార్లలో ఒక ఇంటి పై భాగంలో అద్దెకుండేవాళ్లం. కింద ఇంటాయన ఒక్కడే ఉండేవాడు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. కరోనాకు ముందటి శరదృతువులో ఆయన భార్య చనిపోయింది.

బాపట్ల నుంచి మా అత్తయ్యగారు మూణ్ణెల్లు ఉండి వెళదామని వచ్చారు. వచ్చిన కొద్ది రోజులకే లాక్‌డౌన్. మా ఆయన పడగ్గదిలో, నేను భోజనాల బల్ల దగ్గర హోమ్ ఆఫీస్ చేసుకుంటూ ఉంటే, వంటగది అత్తయ్యగారి రాజ్యమైంది. ఒంటరిగా తింటున్న మనిషి కనబడితే ఆవిడకి ముద్ద దిగదు. కింద తోటలో ఆ పెద్దాయన రొట్టెముక్క కొరుక్కుంటూ కూర్చోవడం చూసి, ఒక బుట్టకి నైలాన్ తాడు కట్టి బాల్కనీలోంచి దించడం మొదలుపెట్టారు. కిందకి పులిహోర వెళ్లేది, పెసరట్టు వెళ్లేది. పైకి స్ట్రాబెర్రీలు, ష్పార్గెల్ అనే తెల్లటి కూరకాడలు వచ్చేవి. ఆయన గిన్నె మా ఇంట్లో ఒక పూట కూడా ఆగేది కాదు. ఒకరింటి గిన్నె తోమకుండా పంపకూడదు, ఖాళీగా పంపకూడదు అన్నది అత్తయ్యగారి దగ్గర దాదాపు పదకొండో ఆజ్ఞ.

ఇద్దరికీ ఉమ్మడి భాష ఒక్క ముక్క లేదు. ఆవిడ తెలుగులో గట్టిగా మాట్లాడేవారు, ఆయన జర్మన్‌లో ఇంకా గట్టిగా జవాబిచ్చేవాడు. ఆవిడకి ఆయన "అన్నయ్యగారు". ఆయనకి ఆవిడ "ఓమా", అంటే నాయనమ్మ. తనకంటే చిన్నావిణ్ణి అలా పిలుస్తున్నాడని నేను ఆవిడకి చెప్పలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆయన తోటలోంచి నన్ను పిలిచాడు.

"ఇంజనీరమ్మా! మీ పని తుప్పుతోనే కదా?"

"తుప్పుతో కాదండీ, తుప్పు మీద."

"అయితే ఒకసారి కిందికి రండి. మాస్క్ పెట్టుకుని."

తోటలో బల్ల మీద పాత తువ్వాలు పరిచి ఉంది. దాని మీద రివాల్వర్. నేను రెండడుగులు వెనక్కి వేశాను. మహమ్మారి దూరం కంటే అది కాస్త ఎక్కువే.

"ఖాళీ," అంటూ ఆయన గుళ్లు పెట్టే చక్రాన్ని తిప్పి చూపించాడు. ఆరు రంధ్రాల్లోంచీ ఎండ కనబడింది. ఆయన చాలా ఏళ్లుగా షూటింగ్ క్లబ్బు సభ్యుడు, లైసెన్సున్నవాడు. కాగితం గురిని కొట్టడం తప్ప దాంతో ఇంకేమీ చేసి ఎరగడు. దాని గొట్టం, చక్రం, చట్రం తన కళ్ల ముందు నుంచి కదలకూడదనీ, అది చట్టమనీ ముందే చెప్పేశాడు. నాకు ముట్టుకోవాలనే లేదు.

పాత కౌబాయ్ సినిమాల్లో కనిపించే రకం. కానీ కంపెనీ నుంచి వచ్చినట్టు లేదు. పిడి మామూలుకంటే సన్నగా, ఒక పక్కకి ఒదిగి ఉంది. వెనక బొటనవేలితో లాగే మీట వెడల్పుగా ఉంది. నేను దాన్ని చూస్తుంటే ఆయన తన కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. రెండు వేళ్లు సగానికే ఉన్నాయి.

"పెళ్లయిన కొత్తలో ఫ్యాక్టరీ ప్రెస్సులో పడ్డాయి," అన్నాడు. "ఇక షూటింగ్ అయిపోయిందనుకున్నాను. మా ఆవిడ అదే ఫ్యాక్టరీలో పనిముట్లు తయారుచేసే విభాగం. ఒక చలికాలమంతా ఇంటి కింది గదిలో, ఈ కెల్లర్‌లో కూర్చుని దీన్ని నా చేతికి సరిపోయేలా మార్చింది. ఈ చెక్క మా బేరిపండు చెట్టుది. పిడి వెనక ఈ ఉక్కు పట్టీ మొత్తం తన ఆకురాయితో అరగదీసి చేసింది."

ఆవిడ పోయాక ఆయనకి రివాల్వర్ పెట్టే బీరువా తెరవబుద్ధి కాలేదు. తరవాత క్లబ్బు మూతపడింది. కెల్లర్‌లో తేమ. తెరిచేసరికి గొట్టం మీదా, పట్టీ మీదా గోధుమరంగు తుప్పు మచ్చలు.

"తుపాకులు బాగుచేసే ఆయనకి ఫోన్ చేశాను. అంతా విప్పి, నున్నగా సానబెట్టి, కొత్త నీలిపూత వేస్తే ఫ్యాక్టరీ నుంచి ఇప్పుడే వచ్చినట్టు ఉంటుందన్నాడు. సానబెడితే ఆమె పని పోతుంది కదా అన్నాను. అవును, అంతా సమానమవుతుంది అన్నాడు, అదేదో మంచివార్త అయినట్టు."

"పెట్టించకపోతే తుప్పు తినేస్తుందండీ."

"అదే కదా. పెట్టిస్తే ఆమె చేసినదాన్ని నేను చెరిపినట్టు. పెట్టించకపోతే తుప్పు చెరిపినట్టు. ఏది చెయ్యాలో మీరు చెప్పండి."

మెరుగు పెట్టించడమే మేలని నా లోపలి ఇంజనీరు అప్పటికే తీర్పు చెప్పేసింది. ఉక్కును వేడి ఉప్పుద్రావణంలో ముంచితే పైన నల్లటి నీలిరంగు చర్మం కడుతుంది. అందమైన పని. కాకపోతే ఆ చర్మం పలుచన, సన్నటి గీతల్ని మసగ్గా కప్పినా తుప్పు తిన్న గుంటల్ని దాచదు. అందుకే ముందు సానబెట్టాలి. చెక్కు తీశాక దుంప సైజు తగ్గినట్టే, ఆ పట్టీ మీద ఆవిడ ఆకురాయి నడిచిన జాడా పోతుంది. తుప్పు ఎంత లోతుకు దిగిందో తెలిస్తే గానీ మాట చెప్పకూడదనిపించింది.

"లైసెన్స్ అక్కర్లేని ముక్క ఒక్కటివ్వండి. భూతద్దంతో చూసి చెబుతాను."

ఆయన భార్య వాడిన స్క్రూడ్రైవర్‌తోనే మర విప్పి, పిడి వెనక ఉక్కు పట్టీని తీశాడు. పెరుగు డబ్బాలో పెట్టాడు. డబ్బా బుట్టలో కూర్చుని మా బాల్కనీకి చేరింది.

ఆ శనివారం సాయంత్రం మా తెలుగు కూడిక. సంఘమంతా అప్పట్లో ఫోన్ తెర మీద చిన్న చిన్న గళ్లలో కలిసేది. కొలోన్ నుంచి కూడిక నడిపించే అన్న, ప్రార్థన మనవులుంటే చెప్పమన్నారు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్యగారు ఫోన్ అందుకున్నారు. తెర మీద ఆవిడ నుదురు మాత్రమే కనబడుతోంది.

"అందరికీ వందనాలు. మా కింద ఇంటి అన్నయ్యగారి రివాల్వర్ గురించి ప్రార్థన చెయ్యండి. పాపం, పాడైపోతోంది. బాగుపడాలి."

ఎవరింట్లోనో కుక్కర్ విజిల్ వినిపించింది. 

"రివాల్వర్ అంటే... తుపాకీయా అమ్మగారూ?"

"తుపాకీయే బాబూ. ఆరు గుళ్లది."

"ఆయన దాంతో ఏం చేస్తాడండీ?"

"కాలుస్తాడు. ఇప్పుడు లాక్‌డౌన్ కదా, కాల్చడానికి లేకుండా పోయింది. అదొక దిగులు ఆయనకి."

"ప్రభువా!" అంది ఒక సోదరి. "వదినగారూ, మీరు తలుపు గడియ పెట్టుకుంటున్నారా?"

నేను మధ్యలో దూరి సంగతంతా చెప్పాను. క్లబ్బు, కాగితం గురి, పోయిన భార్య, ఆవిడ చేసిన పట్టీ. దాంతో గడియ చర్చ పోయి సిద్ధాంత చర్చ వచ్చింది. కాట్‌బస్‌లో చదువుకుంటున్న ఒక కుర్రాడు ఆగలేకపోయాడు.

"అక్కా, ఖడ్గాలు నాగళ్లవుతాయని కదా ప్రవక్త మాట. దాని రిపేరు కోసం మనం ప్రార్థన చెయ్యడమేంటి?"

"నాగలికి మాత్రం తుప్పు పట్టదేంటి తమ్ముడూ?" అంది ఇందాకటి సోదరి. "భూమ్మీద దాచుకున్నదేదైనా తుప్పు తింటుందని ప్రభువే చెప్పాడుగా."

"అయితే తిననివ్వండి మరి!"

"నీ ల్యాప్‌టాప్ పాడైతే నువ్వు పోయిన వారం ఎందుకు ప్రార్థన అడిగావ్?"

కుర్రాడు మ్యూట్‌లోకి వెళ్లిపోయాడు. నడిపించే అన్న గొంతు సవరించుకున్నారు. "తుపాకీని పక్కన పెడదాం. భార్యని పోగొట్టుకున్న మనిషి ఒకాయనున్నాడు. ఆమె గుర్తుని ఏం చేసుకోవాలో తెలియక అడుగుతున్నాడు. ఆయనకి తోవ కనబడాలని ప్రార్థిద్దాం." అందరం అలాగే చేశాం. సంగతి అక్కడికి ఎలా చేరిందో గానీ, మర్నాడు పొద్దున్నే బాపట్ల నుంచి మా ఆయన పిన్నిగారి మెసేజ్: "ఇల్లు మారండి."

సోమవారం నాకు మీటింగు మీద మీటింగు. పట్టీని భూతద్దంతో అప్పటికే చూసేశాను. తుప్పు పైపైనే ఉంది, లోతుకు దిగలేదు. అదెక్కడో వంటగది గట్టు మీద పెట్టాను. మీటింగుల మధ్యలో మంచినీళ్లకి వెళ్లాను.

"అత్తయ్యగారూ, పెరుగు డబ్బాలో ఇనప ముక్క ఉండాలి. ఏది?"

"పంపించేశానుగా."

"ఎక్కడికి?"

"కిందికి. వాళ్ల వస్తువు మనింట్లో ఎన్నాళ్లు పెట్టుకుంటామమ్మాయ్? నువ్వేమో చూసి అక్కడే పడేశావు. ఆ మరకలతో అలాగే ఎలా పంపను? చింతపండూ ఉప్పూ వేసి నానబెట్టి తోమాను. ఎంత నలుపు వదిలిందనుకున్నావ్! అద్దంలా వచ్చింది. ఖాళీగా ఎందుకని రెండు సున్నుండలు కూడా పెట్టాను."

సింకులో నల్లటి నీళ్లు ఇంకా ఉన్నాయి. చింతపండు పులుపుకి తుప్పుతోపాటు పూత కూడా వదిలిపోయింది. ఎన్నో ఏళ్ల నాటి నీలిపూత అది. దాన్ని ఎలా ఎక్కించాలన్నదే నేను చదివిన చదువంతా. మాస్క్ గెడ్డం కింద వేలాడుతుండగానే మెట్లు దిగి పరిగెత్తాను.

ఆయన తోటలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒక పక్క కొరికిన సున్నుండ. అరచేతిలో పట్టీ. తెల్లగా, తోమిన గరిటెలా ఉంది. నేను ఆయాసంతో మొదలుపెట్టాను. క్షమించమన్నాను. మా వైపు ఎవరి వస్తువైనా తోమి పంపడం మర్యాద అన్నాను. పూత మళ్లీ వేయిస్తానన్నాను. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆ కిటికీ గట్టు మీద నా కళ్లజోడుంది. తెస్తారా?"

తెచ్చిచ్చాను. పట్టీని ఎండకి వాల్చి చాలాసేపు చూశాడు.  ఆయన తిడితే బాగుండుననిపించింది. తిట్టు అయితే అనువదించి పైకి పంపొచ్చు.

"ఇటు చూడండి," అన్నాడు చివరికి.

పూత వదిలిన ఉక్కు మీద సన్నటి గీతలు. దువ్వెనతో దువ్వినట్టు వరసగా, వంపు తిరిగిన చోట వంపుతోపాటు తిరుగుతూ. నేను భూతద్దంతో చూసింది నల్లచర్మం కింద మసగ్గా ఉన్న ఈ గీతలనే, కానీ తుప్పు కోసం చూశాను గనక వాటిని పట్టించుకోలేదు.

"ఎటు వాలి ఉన్నాయి?"

"ఎడమ నుంచి."

"ఎడమచేతి వాటం. బళ్లో కొట్టి కుడిచేత్తో రాయించారు. పెద్దయ్యాక రాతంతా కుడిచేత్తోనే. కానీ ఆకురాయి మాత్రం ఎడమచేత్తో పట్టేది, ఎవరూ చూడకుండా." పట్టీని ఎండలో ఇంకాస్త వాల్చాడు. "పట్టీ పూర్తయిన రోజు ఇలాగే తెచ్చి చూపించింది. ఇలాగే ఉంచుదామంది. గీతలు కనబడితే క్లబ్బులో నవ్వుతారన్నాను నేను. నీలిపూత వేయించాను. తను సరే అంది. మళ్లీ ఈ గీతల్ని ఇవాళే చూస్తున్నాను."

పైనుంచి అత్తయ్యగారి గొంతు. "ఏమ్మాయ్! బాగుందన్నారా అన్నయ్యగారు?"

"ఓమా ఏమంటోంది?"

"బాగుందా అని అడుగుతున్నారు."

ఆయన తల పైకెత్తి బాల్కనీ వైపు చూశాడు. "గూట్," అన్నాడు. తరవాత ఇంకాస్త గట్టిగా, "జేర్ గూట్."

ఇన్ని నెలల్లో ఆ ఒక్క మాట ఆవిడ నేర్చుకున్నారు. "చూశావా మరి! ఇంకేమైనా ఉంటే పంపించమను, తోమేస్తాను."

అది మాత్రం నేను అనువదించలేదు.

ఉప్పు తగిలిన ఉక్కు సాయంత్రానికే మళ్లీ ఎర్రబడుతుందని నాకు తెలుసు. పైనుంచి వంటసోడా తెప్పించి కడిగించాను, ఆరబెట్టించాను, ఆయన కుట్టుమిషన్ నూనె తెచ్చి రాశాడు. పూత లేకుండా వదిలేస్తే వారం వారం నూనె పట్టించాల్సిందేనని, ఒక్క వారం మరిచిపోయినా తుప్పు గుర్తుంచుకుంటుందని హెచ్చరించాను.

"నాకు వేరే పనేముంది?" అన్నాడు.

"మరి మిగతాది? గొట్టం, చక్రం?"

ఆయన ఇంట్లోకి వెళ్లి తుపాకులు బాగుచేసే మనిషికి ఫోన్ చేసి వచ్చాడు. "మెరుగు వద్దన్నాను. ఆయనకి నచ్చలేదు. మీరు ఇంకేదైనా చెప్పండి. సానబెట్టకుండా తుప్పు ఆపడానికి మీ చదువులో ఏమీ లేదా?"

ఉంది. మా కర్మాగారంలో ఎవరూ చెయ్యని పాత పద్ధతి. శుద్ధమైన నీళ్లలో ఉడకబెడితే ఎర్రటి తుప్పు నల్లగా మారి ఉక్కును అంటిపెట్టుకుంటుంది. వదులుగా ఉన్నది మెత్తటి ఉక్కుపీచుతో తుడిచి నూనె రాస్తే అక్కడితో ఆగుతుంది. కింద గీత ఉంటే గీత, గుంట ఉంటే గుంట అలాగే ఉంటాయి. అందంగా మాత్రం ఉండదని చెప్పాను. "నేనూ అందంగా లేను," అన్నాడాయన.

అంత పొడవు గొట్టం మునిగే గిన్నె ఏముందని వెతికితే, భార్య ష్పార్గెల్ ఉడికించే పొడుగాటి, సన్నటి గిన్నె దొరికింది. సరిగ్గా సరిపోయింది. ఆయన వంటగదిలో పొయ్యి దగ్గర, నేను బయట కిటికీ దగ్గర, అత్తయ్యగారు పైన బాల్కనీలో. ముందు నూనె జిడ్డంతా కడిగించాను. చెక్క పిడి పక్కన పెట్టించాను. నీళ్లు తెర్లుతుంటే గోధుమరంగు మచ్చలు మెల్లగా నల్లబడ్డాయి. ఆయన పటకారుతో తీసి చూపించిన ప్రతిసారీ పైనుంచి ఒక ప్రశ్న వచ్చేది.

"ఉడికిందా?"

"ఉడుకుతోంది అత్తయ్యగారూ."

"ఉప్పు వెయ్యలేదు కదా?"

"లేదు."

"మూత పెట్టమను. గ్యాసంతా వృథా."

పని పూర్తయ్యాక గొట్టం మీద నల్లటి మచ్చలు మిగిలాయి. ఎండా నీడా పడ్డ నేలలా ఉంది. పిడి వెనక పట్టీ ఒక్కటే తెల్లగా, గీతలతో. తెలియనివాళ్లు చూస్తే రెండు వేర్వేరు తుపాకుల ముక్కలు కలిపారనుకుంటారు. నా వృత్తిలో ఉన్న ఎవరికైనా చూపించాలంటే నాకు మొహమాటమే. పెద్దాయన అన్నీ బిగించి, సగం వేళ్ల చేత్తో పట్టుకుని, నేల వైపే గురిపెట్టి, బొటనవేలితో పట్టీని రెండుసార్లు తడిమాడు. "తగులుతున్నాయి," అన్నాడు. ఇన్నేళ్లూ పూత కింద ఆ గీతలు చేతికి తగల్లేదట.

వేసవి చివర విమానాలు ఎగిరాయి, అత్తయ్యగారు వెళ్లిపోయారు. బుట్ట దించే పని నాకొచ్చింది. శనివారం సాయంత్రాలు మా కూడిక జరిగేటప్పుడు ఆయన కింద తోటలో తువ్వాలు పరుచుకుని పట్టీకి నూనె రాస్తుంటాడు. కిటికీ తెరిచి ఉంటే మా పాటలు ఆయనకి వినబడతాయి. ఒకసారి అడిగాడు.

"మీరంతా నా రివాల్వర్ కోసం ప్రార్థించారటగా? మీ ఆయన చెప్పాడు."

"రివాల్వర్ కోసం కాదండీ, మీ కోసం."

"నాకు నమ్మకం లేదు," అన్నాడు గుడ్డ మడుస్తూ. దాన్ని బల్ల మీద పెట్టి, "ఆపమని మాత్రం అననులెండి," అన్నాడు.

అందుకే ఆపలేదు. ఇది చదువుతున్న మీరు కూడా, మీకు తీరిక దొరికిన చోట, ఒక్క నిమిషం నాతోపాటు తల వంచండి. తండ్రీ, ఆ సగం వేళ్ల చేతికి వణుకు రానియ్యకు. వారం వారం ఆ పని చేసే ఓపికని ఆయన దగ్గర నుంచి తీసెయ్యకు. పోయినావిణ్ణి అంత జాగ్రత్తగా కాపాడుకుంటున్న ఆ మనిషిని నువ్వు అంతకంటే జాగ్రత్తగా కాపాడు. నీ పేరు ఆయనకి ఇంకా తెలియదు. తెలిసే రోజున మేము పక్కన లేకపోయినా, నువ్వు ఉండు. యేసు నామంలో అడుగుతున్నాం. ఆమెన్ మీరు చెప్పండి.